ముప్పై సిట్టింగుల వైద్యం: మెదడు కణితి రేడియోథెరపీ చరిత్రలో కొత్తూరు

మెదడు కణితుల్లో గ్లయోమా అనేది నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లియల్ కణాల నుంచి పుట్టి, చుట్టుపక్కల కణజాలంలోకి వేళ్లు పారించుకునే రకం కనుక, శస్త్రవైద్యుడు కంటికి ఆనినంత మేర తీసివేసినా కొన్ని కణాలు లోపల మిగిలిపోతాయి. వాటిని వికిరణంతో నశింపజేయడమే శస్త్రచికిత్స తరువాతి రేడియోథెరపీ. దీన్నే జనం ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఇది రోజుకొక సిట్టింగు చొప్పున వారాల తరబడి సాగే వైద్యం కాబట్టి, యంత్రం ఎంత దూరంలో ఉంది, ఖర్చు ఎవరు భరిస్తారు అన్న రెండు ప్రశ్నలూ దీని చరిత్రలో భాగమే. హైదరాబాదు నుంచి శంషాబాదు దాటాక బెంగళూరు రహదారిపై వచ్చే కొత్తూరు వంటి చోటి నుంచి చూస్తే ఆ సంగతి స్పష్టమవుతుంది.

1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను, 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్న కొద్ది కాలానికే వైద్యులు వాటిని కణితులపై ప్రయోగించారు గానీ, మోతాదును విడతలుగా పంచితే ఆరోగ్యకరమైన కణాలు విడతకూ విడతకూ మధ్య తమ నష్టాన్ని చాలావరకు సరిచేసుకోగలవన్న అవగాహన 1920లలో పారిస్‌లో రెగో, కుటార్‌ల కృషితో బలపడింది. మెదడు విషయంలో గట్టి రుజువు మరింత ఆలస్యంగా వచ్చింది. 1978లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, శస్త్రచికిత్స తరువాత సాధారణ సంరక్షణ మాత్రమే పొందినవారి మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటగలిగిన కాలం, 14 వారాలు కాగా, రేడియోథెరపీ పొందినవారిది 35 వారాలు. అప్పట్లో కిరణాలు మెదడంతటికీ ఇచ్చేవారు. 1971లో తొలిసారి మనిషి తలను చిత్రించిన సీటీ స్కాన్ వ్యాప్తిలోకి వచ్చాకే కణితి ఉన్న మేరకు, దాని చుట్టూ కొద్దిపాటి అంచుకు పరిమితం చేయడం సాధ్యపడింది.

దక్షిణాదిన ఈ వైద్యానికి తొలి ముఖ్య కేంద్రం మద్రాసు. అక్కడ 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ ఏర్పడింది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ చొరవతో 1955లో రెడ్‌హిల్స్‌లో రేడియం ఇన్‌స్టిట్యూట్, క్యాన్సర్ ఆసుపత్రి వెలిసింది. నేటి ఎంఎన్‌జె ఆసుపత్రి అదే. 1957లో మద్రాసు అడయారు క్యాన్సర్ సంస్థకు కోబాల్ట్-60 యంత్రం వచ్చింది. ఈ కోబాల్ట్ తీవ్రత సుమారు 5.27 ఏళ్లకు సగమవుతుంది కనుక, కోబాల్ట్ మూలం పాతబడినకొద్దీ అదే మోతాదుకు రోగి బల్లమీద ఎక్కువసేపు పడుకోవలసి వస్తుంది. విద్యుత్తుతో ఎక్స్-కిరణాలను పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్‌కు ఆ చిక్కు లేదు.

నేటి పద్ధతిలో చికిత్సకు ముందు రంధ్రాలున్న ప్లాస్టిక్ పలకను వేడినీటిలో మెత్తబరిచి, పడుకున్న రోగి ముఖంమీద పరిచి అదుముతారు. నిమిషాల్లో అది ముఖాకృతిలో బిగిసిపోతుంది. ప్రతి సిట్టింగులోనూ ఆ మాస్కును బల్లకు బిగించి, దానిపై గీసిన గుర్తులకు లేజర్ గీతలను సరిపెట్టాకే యంత్రం ఆన్ చేస్తారు. ఇన్ని రోజులూ తల ఒకే స్థానంలో ఉండడానికే ఈ ఏర్పాటు.

గ్లయోబ్లాస్టోమా అనే అత్యంత ఉద్ధృతమైన రకానికి 60 గ్రేలను (గ్రే అంటే కణజాలం గ్రహించిన వికిరణానికి కొలమానం) 30 సిట్టింగుల్లో ఇస్తూ, తోడుగా టెమోజోలమైడ్ మాత్రలు వాడితే మధ్యస్థ జీవితకాలం 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరుగుతుందని 573 మందిపై జరిగి 2005లో వెలువడిన అధ్యయనం తేల్చింది. వి.సి. నన్నపనేని 1981లో స్థాపించిన నాట్కో ఫార్మా క్యాన్సర్ మందుల కర్మాగారం కొత్తూరులోనే ఉంది; ఆ సంస్థ విక్రయించే మందుల్లో టెమోజోలమైడ్ కూడా ఒకటి. అయితే మాత్ర పక్కనే తయారైనా, కిరణాల కోసం నగరానికి వెళ్లక తప్పదు. ఖర్చు విషయంలో మలుపు 2007 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ రోజు మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తొలుత అమలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2016లో రంగారెడ్డి జిల్లాలో చేరేవరకు కొత్తూరు మహబూబ్‌నగర్ జిల్లాలోదే. అలా తెల్ల రేషన్ కార్డున్న ఇక్కడి కుటుంబాలు ఖరీదైన వైద్యాన్ని ప్రభుత్వ ఖర్చుతో పొందగలిగిన తొలి తెలుగు కుటుంబాల్లో చేరాయి.

పథకం వైద్యం ఖర్చు భరించినా, ఆరు వారాల ప్రయాణమూ, తోడుగా వెళ్లేవారు పోగొట్టుకునే కూలీ మిగిలే ఉంటాయి. అందుకే 60 ఏళ్లు దాటిన గ్లయోబ్లాస్టోమా రోగులపై 2004లో వెలువడిన కెనడా అధ్యయనం గమనార్హం: 30 సిట్టింగుల బదులు 40 గ్రేలను 15 సిట్టింగుల్లో ఇచ్చినా జీవితకాలంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. యంత్రాన్ని ఊరికి దగ్గర చేయడంతో పాటు సిట్టింగులను తగ్గించడమూ వైద్యాన్ని అందుబాటులోకి తెచ్చే మార్గమేనని ఈ ఫలితం సూచిస్తోంది.