మధుర పాదం: మన ఊరి పేరు మోస్తున్న కాలిజబ్బు

ఈసారి వలసలూ శాసనాలూ పక్కన పెట్టి కాళ్ల గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల మా బావకు కుడికాలి బొటనవేలు తీసేశారు. ఆయన రాయమన్నాకే రాస్తున్నాను. తై మాసంలో పళనికి చెప్పుల్లేకుండా నడిచి వెళ్లడం ఆయనకు 20 ఏళ్ల అలవాటు. షుగరు వచ్చి 14 ఏళ్లు. ఈసారి తిరిగి వచ్చాక బొటనవేలి కింద బొబ్బ లేచి చితికి ఉండటం మా అక్క చూసింది. ఆయన చూసుకోలేదు. "నొప్పి లేదే, దీనికెందుకు డాక్టరు?" అన్నారట. పసుపు పెట్టారు, వేపాకు నూరి కట్టారు. తొమ్మిది రోజులు అలాగే అంగడికి వెళ్లి వచ్చారు. పదో రోజు గదిలో వాసన వచ్చింది.

"నొప్పి లేదే" అన్న మాట మా ఇంట్లో కొత్తది కాదు. మా పెద్దయ్య కూడా అదే అనేవాడని మా అవ్వ చెప్పేది. సాత్తూరు దగ్గర నల్లరేగడి చేలో పత్తి పండించేవాడు. ఏ తుమ్మముల్లు గుచ్చుకుందో ఏమో, పాదం పైన గోళీకాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఏడాదికేడాది ఆ గడ్డ పెరిగింది, పాదమంతా ఉబ్బింది, అక్కడక్కడ రంధ్రాలు పడి చీముతో పాటు ఆవాల్లాంటి నల్లటి గింజలు రాలేవి. అవ్వ వాటిని నిజంగానే ఆవాలు అనేది. ఎవరో చేతబడి చేసి కాల్లో ఆవాలు పెట్టారని ఊళ్లో చెప్పుకున్నారు. ఆ కాలితోనే పదకొండేళ్లు సేద్యం చేశాడు. చివరికి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి జబ్బు ఎముకల్లోకి దిగింది. మోకాలి కింద నుంచి తీసేశారు. నాకు తెలిసినప్పటి నుంచీ పెద్దయ్య చంకకర్రతోనే.

ఆ జబ్బుకు ప్రపంచమంతా వైద్యపుస్తకాల్లో పెట్టుకున్న పేరు మన ఊరిదే అని నాకు చాలా కాలం తెలియదు. దాని పేరు మధుర పాదం. ఇంగ్లీషువాళ్లు మదురైని మధుర అని రాసేవారు కదా, ఆ పేరే. 1842లో మదురైలో పనిచేసిన గిల్ అనే వైద్యుడు ఈ జబ్బును మొదటగా రాసిపెట్టాడు. 1846లో గాడ్‌ఫ్రే అనే మరో వైద్యుడు లాన్సెట్ పత్రికలో దీని గురించి రాస్తూ, పాదానికి వచ్చే ఈ జబ్బును ఇంతవరకు ఎవరూ వర్ణించలేదు అని శీర్షికలోనే చెప్పాడు. వర్ణించలేదు సరే, మన రైతులకు మాత్రం అది ఎన్ని తరాల నుంచో తెలుసు. తెలిసినా చేసేదేమీ లేక ఊరుకున్నారు.

అసలు సంగతి బొంబాయిలో తేలింది. అక్కడ గ్రాంట్ వైద్యకళాశాలలో హెన్రీ వాండైక్ కార్టర్ అనే ఆయన ఉండేవాడు. గ్రేస్ అనాటమీ పేరు వినని వైద్య విద్యార్థి ఉండడు. 1858లో వచ్చిన ఆ పుస్తకంలో బొమ్మలన్నీ గీసింది ఈ కార్టరే. మాటలు రాసిన గ్రే పేరు నిలిచిపోయింది, బొమ్మలు గీసినవాడిని జనం మరిచిపోయారు. ఆయన మన దేశానికి వచ్చి, కోసి తీసేసిన పాదాలను చీల్చి, ఆ నల్ల గింజలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అవి బూజు ముద్దలు. మట్టిలో, ముళ్ల మీద ఉండే బూజు ముల్లుగాయం గుండా లోపలికి పోయి అక్కడే కాపురం పెడుతుందన్నమాట. 1860లో దీనికి మైసెటోమా అని పేరు పెట్టాడు, బూజు గడ్డ అని దాని అర్థం. 1874లో దీని మీద రంగు బొమ్మలతో ఒక గ్రంథమే వేశాడు. తర్వాతి వాళ్లు తేల్చింది ఇంకొకటి ఉంది: అన్ని గడ్డలూ బూజువి కావు, కొన్నింటికి కారణం ఒక రకం బాక్టీరియా. ఆ బాక్టీరియా పేరు ఆక్టినోమదురా, నల్లగింజల బూజు పేరు మదురెల్లా. రెండింటిలోనూ మన ఊరు కూర్చుంది. మీనాక్షమ్మ గుడికి, మల్లెపూలకు పేరున్న ఊరికి ఇదొక కీర్తి!

ఈ తేడా తెలియడం ఊరికే పోలేదు. బాక్టీరియా రకమైతే నెలల తరబడి మందులతో తగ్గుతుంది. బూజు రకం మొండిది, మందులూ కావాలి, గడ్డ చిన్నగా ఉండగానే కోసి తీయడమూ కావాలి. పెద్దయ్య మొదటి ఏడాదే వెళ్లి ఉంటే గోళీకాయంత గడ్డతో పోయేది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఇది ఎక్కువగా సూడాన్‌లో, మెక్సికోలో కనిపిస్తోంది. అక్కడా చెప్పుల్లేకుండా ముళ్ల నేలలో పనిచేసేవాళ్లకే.

చెప్పుల దగ్గరికి వచ్చాం కాబట్టి ఒక మాట. దీన్ని రాయొద్దని సంఘంలో ఒకరిద్దరు ముందే చెప్పారు. రాయకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది.

మనం నడిచి వచ్చినవాళ్లం. కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం' చదివినవాళ్లకు తెలుసు, తెలుగు నేల నుంచి మన నల్లరేగడి దాకా కుటుంబాలకు కుటుంబాలు నడిచే వచ్చాయి. ఇక్కడ ఆ కాళ్లకు చెప్పులు కుట్టింది అరుంధతీయులు. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మనలాగే తెలుగు. మన కపిల బావులకు తోలుబానలు కుట్టింది వాళ్లు, మన ఎడ్లకు వార్లు కోసింది వాళ్లు. అయినా తాము కుట్టిన చెప్పులు తాము వేసుకుని మన వీధుల్లో నడవడానికి వీల్లేదు. చేతిలో పట్టుకుని వీధి దాటాలి. మా నాన్న చిన్నప్పుడు ఇది కళ్లారా చూశాడు, నాకు చెప్పేటప్పుడు ఆయన తల దించుకునేవాడు. మన చేలల్లో కలుపు తీసింది, పత్తి ఏరింది కూడా ఎక్కువగా ఆ వట్టికాళ్లే. పెద్దయ్య కాలు పోయిందని మా ఇంట్లో యాభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాం. వాళ్ల వాడలో ఎన్ని కాళ్లు పోయాయో మన ఇళ్లలో ఎవరూ లెక్క పెట్టలేదు.

ఇప్పుడు వేలూరికి వెళ్దాం. పాల్ బ్రాండ్ 1914లో మన కొల్లిమలలో పుట్టాడు, తల్లిదండ్రులు మిషనరీలు. ఇంగ్లండులో శస్త్రవైద్యం చదివి 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చాడు. ఆ రోజుల్లో కుష్ఠు రోగుల వేళ్లు, పాదాలు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అందరూ, వైద్యులు కూడా, నమ్మేవారు. బ్రాండ్ గమనించింది వేరు. రోగి చేతిలో తుప్పు పట్టిన తాళం తిరగకపోతే మనమైతే నొప్పికి వదిలేస్తాం. వాళ్లు ఎముక కనిపించేదాకా తిప్పుతారు. రాత్రి పడుకున్నప్పుడు వేళ్లను ఎలుకలు కొరికినా మెలకువ రాదు. ఆ సంగతి తెలిశాక రోగులను ఇంటికి పంపేటప్పుడు తోడుగా ఒక పిల్లిని ఇచ్చి పంపేవారట. కుష్ఠు మాంసాన్ని తినడం లేదు, నరాలను చంపుతోంది. నొప్పి తెలియని పాదాన్ని ఆ మనిషే నడిచి నడిచి అరగదీస్తున్నాడు. బ్రాండ్ జీవితమంతా చెప్పింది ఇదే. నొప్పి దేవుడిచ్చిన వరం అనేవాడు. మడమ నొప్పితో నేను కుంటుతున్న రోజుల్లో ఆ మాట విని కోపం వచ్చింది, బావ కాలు చూశాక ఆ కోపం పోయింది.

వైద్యం ఏమిటంటే, పుండు పడిన పాదానికి మోకాలి కింద నుంచి అతుక్కుపోయేలా పిండికట్టు వేయడం. మన దేశంలో ఖాన్ అనే వైద్యుడు 1939లోనే దీని గురించి రాశాడు, వేలూరులో ఇది బాగా స్థిరపడింది. కట్టు వేస్తే బరువు పాదమంతా పరుచుకుంటుంది, పుండు మీద ఒత్తిడి పోతుంది, ఏళ్లుగా మానని పుండు వారాల్లో మానుతుంది. మానాక మళ్లీ పడకుండా ఉండాలంటే చెప్పులు కావాలి. అలా వచ్చిందే సన్నటి గాలిగదులున్న మెత్తటి రబ్బరు చెప్పు. మనవాళ్లు ఎం.సి.ఆర్. చెప్పులు అంటారు కదా, అదే. వేలూరు పక్కన కరిగిరిలో 1955లో మొదలైన కుష్ఠు ఆసుపత్రి కూడా ఈ పనిలో పేరు తెచ్చుకుంది. ఈ చెప్పుకు మూడు గుర్తులు: బొటనవేలితో నొక్కితే రబ్బరు సగం దాకా దిగాలి, అడుగున మేకులు ఉండకూడదు, వెనక పట్టీ ఉండాలి. పట్టీ ఎందుకంటే, స్పర్శ లేని పాదం నుంచి చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు.

1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ షుగరు రోగుల పాదాలు చూస్తే అచ్చం అవే పుండ్లు! షుగరు కూడా నరాలను అలాగే మొద్దుబారుస్తుంది. మన తమిళనాట కుష్ఠు రోగుల కోసం పుట్టిన పద్ధతులు అలా ప్రపంచంలోని షుగరు రోగులకు అందాయి. ఇప్పుడు ఏ పాదాల వైద్యుడి దగ్గరికి వెళ్లినా 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ పోగుతో అరికాలిని తాకి, తెలుస్తోందా అని అడుగుతారు. ఆ పరీక్షకు పేరు తెచ్చింది కూడా కార్విల్ వాళ్లే. 2023లో వచ్చిన ఐ.సి.ఎం.ఆర్. లెక్కల ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. మన సంఘంలో ఏ పెళ్లి పందిట్లో చూసినా కాఫీలో చక్కెర వద్దనేవాళ్లే సగం.

మరి ఎప్పుడు వెళ్లాలి? షుగరు ఉంటే పాదం మీద ఏ పుండైనా, బొబ్బైనా అదే రోజు, మహా అయితే మర్నాడు వెళ్లాలి. నొప్పి కోసం ఎదురుచూడకూడదు. ఒక పాదం మాత్రం రెండోదానికంటే వెచ్చగా, ఎర్రగా ఉబ్బితే ఇంకా తొందర. లోపల ఎముకలు విరుగుతూ ఉండొచ్చు, నొప్పి పెద్దగా ఉండదు. దీన్ని 19వ శతాబ్దంలో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడి పేరుతో షార్కో పాదం అంటారు. వేలు నల్లబడినా, కొంచెం నడవగానే పిక్క పట్టేసి ఆగితే తగ్గుతున్నా రక్తం సరిగ్గా అందడం లేదని అర్థం, బీడీ సిగరెట్లు కాల్చేవాళ్లు మరీ చూసుకోవాలి. నొప్పి లేని గడ్డ పాదం మీద నెమ్మదిగా పెరుగుతుంటే పెద్దయ్యను గుర్తు చేసుకోండి.

ఆనికాయను బ్లేడుతో కోసుకోవడం మన మగవాళ్లకు ఆదివారం కాలక్షేపం. షుగరు ఉన్నవాళ్లు ఆ పనీ చేయొద్దు, మందుల షాపులో అమ్మే ఆనికాయ పట్టీలూ వేసుకోవద్దు, వాటిలోని ఆమ్లం మంచి చర్మాన్నీ తింటుంది. గోళ్లు తిన్నగా కత్తిరించాలి, మూలలు తవ్వకూడదు. చీలమండ బెణికితే నాలుగు అడుగులు వేసి చూడండి. వేయలేకపోయినా, రెండు పక్కలా ఉండే ఎముక గుబ్బలను వెనకవైపు నొక్కితే నొప్పి పెట్టినా ఎక్స్‌రే తీయించాలి. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉంటే భయపడే జబ్బు కాదు, నాకూ ఉంది. పిక్కలు సాగదీయడం, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవడం, ఓపిక. కొన్ని వారాలైనా తగ్గకపోతే చూపించుకోండి.

పాదాలకే ప్రత్యేకమైన పోడియాట్రిస్టు బోర్డు మన జిల్లాలో నాకు ఎక్కడా కనిపించలేదు. పెద్ద ఊళ్లలో షుగరు ఆసుపత్రులకు పాదాల విభాగం ఉంటుంది, అక్కడ అడగండి. అది దూరమైతే పుండుకు సర్జన్, చీలమండకు ఎముకల డాక్టరు.

బావ ఇప్పుడు నడుస్తున్నారు, ఎం.సి.ఆర్. చెప్పులతో. వచ్చే తై మాసానికి పళనికి వెళ్తానంటున్నారు. గుడి మెట్ల దాకా చెప్పులతో నడుస్తానని, మెట్లు మాత్రం తెల్లవారకముందే, రాయి చల్లగా ఉన్నప్పుడే ఎక్కుతానని అక్కకు మాటిచ్చారు. మురుగన్ ఏమీ అనుకోడని అక్క నమ్మకం.

మన వార్షిక సమావేశం రోజు పొద్దున భోజనాలకు ముందు గంటసేపు పాదాల పరీక్ష పెడుతున్నాం. నైలాన్ పోగు పరీక్ష చేయడానికి ఒక డాక్టరుగారు ఒప్పుకున్నారు. అరుంధతీయ వాడ పెద్దలను కూడా పిలిచాను, వస్తామన్నారు. వచ్చేటప్పుడు సమావేశానికని కొత్త చెప్పులు వేసుకోకండి. రోజూ వేసుకునేవే వేసుకుని రండి, అవి ఏ పక్క అరిగాయో డాక్టరుగారు చూడాలట.