పేరు మార్చగానే గుట్టు బయటపడింది: గ్రాఫిక్స్ కార్డుల పోలిక కథ

కొత్త ఫోన్ కొనేముందు మనం ఏం చేస్తాం? రెండు ఫోన్ల బెంచ్‌మార్క్ స్కోర్లు పక్కపక్కన పెట్టి చూస్తాం. ఎక్కువ స్కోర్ వచ్చింది మంచిది, తక్కువ వచ్చింది డబ్బులు దండగ. అంతే, తీర్పు అయిపోయింది. మరి ఆ స్కోర్‌ని నమ్మొచ్చా? ఈ అనుమానం ఫోన్లు రాకముందే, కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డుల దగ్గర మొదలైంది. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

1996లో త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ కార్డు వచ్చింది. 50 మెగాహెర్ట్జ్ వేగం, 4 ఎంబీ మెమరీ. ఈ రోజు మనం తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టకపోవచ్చు! కానీ అప్పట్లో తేడా కంటికే కనిపించేది. కార్డు ఉంటే ఆట సాఫీగా, అందంగా ఆడేది, లేకపోతే గళ్లు గళ్లుగా కనిపించేది. తర్వాత పోటీ పెరిగింది, కార్డుల మధ్య తేడాలు తగ్గాయి. కంటితో తేల్చడం కష్టమైంది. దాంతో అందరూ అంకెల మీద పడ్డారు. సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తుంది? అదే ఎఫ్‌పీఎస్ అన్నమాట.

ఆ రోజుల్లో కార్డులన్నిటికీ పరీక్ష పేపర్ లాంటి ఆట ఒకటుంది: క్వేక్ 3 అరీనా. ఏ రివ్యూ తీసినా అందులో క్వేక్ స్కోర్ ఉండాల్సిందే. 2001లో ఏటీఐ కంపెనీ రేడియాన్ 8500 తెచ్చింది. హార్డ్‌ఓసీపీ అనే వెబ్‌సైట్ వాళ్లు ఒక చిన్న పని చేశారు. ఆట ఫైల్‌లో క్వేక్ అన్న పేరుని క్వాక్ అని మార్చారు. ఆట అదే, కార్డు అదే, కంప్యూటర్ అదే. కానీ వేగం పడిపోయింది. విచిత్రం ఏంటంటే, బొమ్మ మాత్రం ఇంకా స్పష్టంగా వచ్చింది!

అర్థమైందా? కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, క్వేక్ అన్న పేరు కనిపించగానే బొమ్మ నాణ్యత తగ్గించి వేగం పెంచుతోంది. ఇది ఆటగాళ్ల కోసం చేసిన ఆప్టిమైజేషనే అని ఏటీఐ సమర్థించుకుంది. తర్వాత వచ్చిన డ్రైవర్‌లో నాణ్యతని సరిచేసింది.

రెండేళ్ల తర్వాత ఎన్విడియా వంతు వచ్చింది. 2003లో జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా దింపింది. వేగం 500 మెగాహెర్ట్జ్. ఎదురుగా ఉన్న రేడియాన్ 9700 ప్రో 325 మాత్రమే. డబ్బా మీద అంకె చూస్తే ఎన్విడియాదే గెలుపు. కానీ మెమరీకి వెళ్లే దారి ఎన్విడియాకి 128 బిట్లు, ఏటీఐకి 256. రెండు లేన్ల రోడ్డు మీద బండి ఎంత స్పీడ్‌గా పోయినా, నాలుగు లేన్ల హైవే మీద పోయినన్ని బళ్లు పోలేవు కదా. లెక్క వేస్తే సెకనుకి ఒకదానికి 16 జీబీ, ఇంకోదానికి దాదాపు 20 జీబీ. పైగా డైరెక్ట్‌ఎక్స్ 9 షేడర్ల పనిలో 5800 వెనకపడేది. ఫ్యాన్ మోత గురించైతే చెప్పక్కర్లేదు, ఎన్విడియా వాళ్లే దాని మీద జోక్ వీడియో తీసుకున్నారు.

అసలు గొడవ ఆ ఏడాది మే నెలలో మొదలైంది. త్రీడీమార్క్03 అనే బెంచ్‌మార్క్‌లో కెమెరా ఎప్పుడూ ఒకే దారిలో తిరుగుతుంది. పరీక్షించేవాళ్లు కెమెరాని ఆ దారి నుంచి పక్కకి తిప్పారు. ఎన్విడియా కార్డు మీద బొమ్మ చెదిరిపోయింది. సినిమా సెట్ చూశారు కదా, ముందు నుంచి రాజమహల్, పక్కకెళ్తే వట్టి కర్రలు! కెమెరాకి కనిపించదని ముందే తెలిసిన భాగాన్ని గీయకుండా వదిలేస్తోందన్నమాట. ఆ బెంచ్‌మార్క్ తయారుచేసిన ఫ్యూచర్‌మార్క్ కంపెనీ ఈ ఎత్తులు పనిచేయకుండా ప్యాచ్ ఇచ్చింది. 5900 అల్ట్రా స్కోర్ 5,806 నుంచి 4,679కి పడింది. ఏటీఐ స్కోర్ కూడా కొంచెం తగ్గింది, దాదాపు 2 శాతం. మరుసటి నెల ఫ్యూచర్‌మార్క్, ఎన్విడియా కలిసి ప్రకటన ఇచ్చాయి. ఇది మోసం కాదు, ఆప్టిమైజేషన్ అని!

మరి ఆప్టిమైజేషన్ అంతా తప్పేనా? కాదు. ఇప్పటికీ కొత్త ఆటలు వస్తే వాటికోసం కొత్త డ్రైవర్లు వస్తూనే ఉంటాయి. అదే బొమ్మని ఇంకా త్వరగా గీస్తే అది పనితనం. బొమ్మ చెడగొట్టి గీస్తే, లేదా పరీక్షలో మాత్రమే త్వరగా గీస్తే, అది గైడ్ బట్టీ పట్టి ర్యాంక్ కొట్టడం లాంటిది.

ఇంకో మలుపు 2011లో. ద టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో స్కాట్ వాసన్ అసలు కొలతనే ప్రశ్నించాడు. ఒక సెకనులో 59 బొమ్మలు చకచకా 0.8 సెకన్లలో వచ్చి, ఆఖరిది ఒక్కటే 0.2 సెకన్లు పట్టిందనుకోండి. సగటు 60 ఎఫ్‌పీఎస్, పేపర్ మీద బ్రహ్మాండం. కానీ ఆడేవాడికి ఆట టక్కున ఆగినట్టు ఉంటుంది. సరిగ్గా అప్పుడే శత్రువు కాల్చేస్తాడు! అందుకే ఒక్కో బొమ్మకి పట్టే టైమ్ కూడా కొలవడం మొదలైంది.

స్పెసిఫికేషన్ల సంగతి? 2014లో వచ్చిన జీటీఎక్స్ 970కి 4 జీబీ మెమరీ అని రాశారు. అందులో చివరి అర జీబీ మిగతాదానికంటే చాలా నెమ్మది అని 2015 జనవరిలో బయటపడింది. 64 రాప్ యూనిట్లు అని ముందు చెప్పినవి నిజానికి 56. కేసు నడిచింది, అమెరికాలో కొన్నవాళ్లకి కార్డుకి 30 డాలర్లు ఇచ్చేలా సెటిల్‌మెంట్ అయింది.

ఇప్పుడు మన ఫోన్ దగ్గరికి వద్దాం. 2013లో గెలాక్సీ ఎస్4 ఎక్సినాస్ మోడల్‌ని ఆనంద్‌టెక్ పరీక్షించింది. గ్రాఫిక్స్ చిప్ కొన్ని బెంచ్‌మార్క్ యాప్‌లలో 532 మెగాహెర్ట్జ్‌తో పరిగెత్తింది. ఆటల్లో 480 దాటలేదు. పన్నెండేళ్ల కిందటి క్వేక్ కథే మళ్లీ!

గమనించారా, ఈ గుట్టులన్నీ బయటి మనుషులు తవ్వితేనే బయటపడ్డాయి. పేరు మార్చి చూశారు, కెమెరా తిప్పి చూశారు, సగటుని విడదీసి చూశారు. కాబట్టి ఈసారి స్కోర్ చూసినప్పుడు మూడు అడగండి. కొలిచింది ఎవరు, కంపెనీయా, బయటివాళ్లా? మనం ఆడే ఆటలోనే కొలిచారా? సగటుతో పాటు అతి తక్కువ వేగం ఎంతో చెప్పారా? మీ కష్టార్జితం పెట్టేముందు ఈ మాత్రం అడగడంలో తప్పులేదు. మళ్లీ ఇంకో కథతో కలుద్దాం, ఉంటాను మరి.