ట్రైనర్‌ను వదిలేసిన లెక్కలు: మలక్‌పేట హ్యాండీక్యాప్ పందేలపై ఒక పరిశీలన

గుర్రప్పందేలను గణితంతో తూచిన పరిశోధకులు ట్రైనర్‌కు తీరని అన్యాయం చేశారు. హైదరాబాద్‌లోని మలక్‌పేట రేసు మైదానంలో పాత పందెగాళ్లు రేస్‌బుక్ తెరవగానే గుర్రం ఎవరి స్టేబుల్‌దో చూస్తారు. ఫామ్, ఆడ్స్ ఆ తర్వాతే. ఈ అలవాటును మూఢనమ్మకంగా కొట్టిపారేయడం తగదని నా వాదన.

ఈ రంగంలో అందరూ ప్రామాణికంగా చెప్పుకునేది రూత్ బోల్టన్, రాండల్ చాప్‌మన్ 1986లో ‘మేనేజ్‌మెంట్ సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం. హాంకాంగ్ పందేల్లో కోట్లు గడించిన బిల్ బెంటర్ కూడా ఆ దారిలోనే తన నమూనా కట్టుకున్నాడు. బోల్టన్, చాప్‌మన్‌లు అమెరికాలోని 200 పందేలు తీసుకుని, పది చలరాశులతో గెలుపు సంభావ్యతను లెక్కగట్టారు. ఆ పదింటిలో మూడు జాకీకి సంబంధించినవే. ట్రైనర్‌కు ఒక్కటీ లేదు. పందెంలో జాకీ గుర్రాన్ని నడిపేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. దాన్ని నెలల తరబడి తయారుచేసేది, ఏ పందెంలో, ఎంత దూరానికి, ఏ జాకీతో దించాలో తేల్చేది ట్రైనర్. ఆయన పనితనం గుర్రం గత వేగంలోనే ఇమిడి ఉంటుందని వాళ్ల తరఫున ఎవరైనా అనవచ్చు. నిన్నటి పనితనం ఇమిడి ఉంటుంది, సరే. ఇవాళ్టి ఉద్దేశం అందులో ఎక్కడుంది?

ఆ ఉద్దేశం కళ్లకు కనిపించే చోటు హైదరాబాద్ హ్యాండీక్యాప్ పందేల్లోనే, అంటే గుర్రం రేటింగ్‌ను బట్టి అది మోయాల్సిన బరువు నిర్ణయించే పందేల్లోనే, ఉంది. ఇక్కడి రేటింగ్ తరగతులు ఒకదానిపై ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. 62 రేటింగ్ గుర్రం 40-65 పందెంలోనూ పరుగెత్తవచ్చు, 60-85 పందెంలోనూ పరుగెత్తవచ్చు. పాయింటుకు అరకిలో చొప్పున, కింది తరగతిలో అది 65 రేటింగ్ గుర్రం కన్నా కిలోన్నర మాత్రమే తక్కువ మోస్తుంది. పై తరగతిలోనైతే 85 గుర్రం కన్నా పదకొండున్నర కిలోలు తక్కువ. బలహీనుల మధ్య భారంతోనా, బలవంతుల మధ్య తేలికగానా అన్నది ట్రైనర్ నిర్ణయం. ఒక ట్రైనర్ ఎప్పుడు ఏది ఎంచుకుంటాడో, ఎంచుకున్నప్పుడు ఏమవుతుందో రెండు మూడు సీజన్లు రాసి పెట్టుకుంటే ఆయన మనసు తెలిసిపోతుంది.

అయితే ఏ ట్రైనర్ ఎన్ని గెలిచాడన్న పట్టిక పందెగాడికి అక్కరకు రాదు. అది అందరికీ తెలిసిందే కాబట్టి ఆడ్స్‌లో అప్పటికే కలిసిపోయి ఉంటుంది. గెలుపులను ఆడ్స్ ఆశించిన గెలుపులతో పోల్చాలి. ఒక ట్రైనర్ 100 గుర్రాలను దించితే 20 గెలిచాయనీ, ఆడ్స్ ప్రకారం 22 గెలవాలనీ అనుకుందాం. పట్టికలో ఆయన పైనుంటాడు, ఆయన గుర్రాల మీద కాసినవాడు నష్టపోతాడు. అదే ట్రైనర్ మూడు నెలల విరామం తర్వాత దించిన 30 గుర్రాల్లో, ఆడ్స్ ఆశించింది నాలుగైతే, ఏడు గెలిచాయనుకోండి. జనం సరిగ్గా ధర కట్టని చోటు అదే. విరామం, తరగతి మార్పు, దూరం మార్పు, జాకీ మార్పు, స్టేబుల్ మారిన గుర్రం మొదటి పరుగు: వీటిలో ప్రతిదాన్నీ ట్రైనర్ పేరు కింద విడివిడిగా తూచాలి. 30 పరుగుల్లో అదృష్టం పాలు ఉండవచ్చు గానీ, సీజన్ తర్వాత సీజన్ అదే పోకడ కనిపిస్తే దాన్ని అదృష్టం అనలేం. పందేలపై 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైన జీఎస్టీ ఈ లాభాన్ని మింగేస్తుందన్న అభ్యంతరం పన్ను విధానానికి తగులుతుందే తప్ప ఈ లెక్కలకు తగలదు.

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో తేల్చింది. ఆ నైపుణ్యంలో పెద్ద వాటా ట్రైనర్‌దేనని నా అభిప్రాయం. మలక్‌పేటలో గేట్లు తెరుచుకోవడానికి చాలా ముందే, ఎంట్రీలు ఇచ్చిన రోజునే ట్రైనర్ పందేన్ని సగం నడిపేస్తాడు. ఇకపై మన మైదానాల కోసం కట్టే ఏ నమూనా అయినా మొదటి చలరాశిగా ట్రైనర్ ఎంట్రీ నిర్ణయాన్నే తీసుకోవాలి. గుర్రం వేగం, జాకీ గెలుపులు ఆ తర్వాత.