అన్నంతో ఆరంభమైన అక్షరయాత్ర

పేదపిల్లలు చదువులో వెనుకబడడానికి మందబుద్ధియే కారణమనే అపోహ ఒకనాడు సమాజంలో బలంగా ఉండేది. మద్రాసు నగర విద్యాచరిత్ర దానికి తగిన సమాధానం చెప్పింది.

తెలుగువారైన పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షతన మద్రాసు కార్పొరేషన్ 1920లో థౌజండ్ లైట్స్ పాఠశాలలో పిల్లలకు ఉచిత ఫలాహారం సమకూర్చింది. ఒక్కొక్క విద్యార్థికి దినానికి అణాకు మించని వ్యయం. పథకం మరి నాలుగు బడులకు విస్తరించగా, 1922-23లో 811గా ఉన్న విద్యార్థుల సంఖ్య 1924-25 నాటికి 1,671కి చేరింది. ప్రాథమిక విద్యానిధిని ఇందుకు వినియోగించరాదని ఆంగ్ల ప్రభుత్వం అభ్యంతరపెట్టడంతో 1925లో పథకానికి అంతరాయం కలిగింది.

ఆ బీజమే 1956లో కామరాజ్ మధ్యాహ్న భోజనంగా, 1982లో ఎం.జి.రామచంద్రన్ పోషకాహార పథకంగా వృక్షమైంది. 2001లో సుప్రీంకోర్టు ఆదేశంతో వండిన భోజనం దేశమంతటి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల హక్కు అయింది. 2022లో తమిళనాడు ఉదయపు అల్పాహారాన్నీ చేర్చింది.

అన్నం పిల్లలను బడికి రప్పించింది, బడిలో నిలిపింది. కాని ఉన్నతవిద్యా ద్వారం వద్ద అంతరం మిగిలే ఉన్నది. వైద్యవిద్యలో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు 2020లో 7.5 శాతం సీట్లు ప్రత్యేకించవలసి రావడమే ఇందుకు సాక్ష్యం.

కనుక ఈ వజ్రోత్సవవేళ ప్రథమశ్రేణి విజేతల పట్టికతోపాటు, నడుమనే బడి మానినవారి పేర్లను కూడా మన హాజరుపట్టీలలో వెదకుదాము. పాఠశాల ప్రగతికి నిజమైన కొలమానం అక్కడ కూడా ఉన్నది.