ఆస్పత్రి నిర్లక్ష్యంతో నష్టపోయారా? చట్టం ఏం చెబుతోంది

ఆపరేషన్ వికటిస్తే 'మన నసీబ్ ఇంతే' అనుకుని ఊరుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. నిజంగా నిర్లక్ష్యం జరిగి ఉంటే పరిహారం అడిగే హక్కు చట్టం ఇచ్చింది. అయితే దానికి గడువు ఉంది, ఆధారాలు కావాలి.

ఏది నిర్లక్ష్యం?

చికిత్స ఫలించనంత మాత్రాన డాక్టర్ తప్పు చేసినట్టు కాదు. అదే అర్హత ఉన్న మామూలు డాక్టర్ తీసుకునే జాగ్రత్త కూడా తీసుకోకపోతే అది నిర్లక్ష్యం. ఉదాహరణకు కడుపులో గుడ్డ వదిలేసి కుట్లు వేయడం. ప్రాణాపాయం లేకున్నా అనుమతి తీసుకోకుండా అదనపు ఆపరేషన్ చేయడం తప్పేనని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ముందు కాగితాలు

కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, రిపోర్టులు కావాలని రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. బిల్లులు పారేయొద్దు. కొంత డబ్బిచ్చి సంతకం అడిగితే చదవకుండా పెట్టొద్దు.

మనిషి చనిపోయినప్పుడు జనాజా ఆలస్యమవుతుందని పోస్టుమార్టం వద్దంటాం. కానీ అది లేకపోతే మరణానికి కారణం నిరూపించడం తర్వాత చాలా కష్టం. అనుమానం బలంగా ఉంటే ఖననానికి ముందే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి.

ఎక్కడికి వెళ్లాలి?

పరిహారం కోసం: జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. ఆస్పత్రికి కట్టిన సొమ్ము 5 లక్షల్లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. మరో డాక్టర్ రాసిచ్చిన అభిప్రాయం ఉంటే కేసుకు బలం.

అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రులు ఈ చట్టం కిందకు రావు. వాటిపై సివిల్ కోర్టుకు వెళ్లాలి. కొందరి దగ్గర డబ్బు తీసుకునే చోట అయితే, ఉచితంగా చూపించుకున్నవారు కూడా కమిషన్‌కు వెళ్లొచ్చని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

డాక్టర్‌పై చర్య కోసం: రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయగలదు, పరిహారం ఇప్పించలేదు.

క్రిమినల్ కేసు: నిర్లక్ష్యం తీవ్రమైనదై ఉండాలి. మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద డాక్టర్‌కు రెండేళ్ల వరకు జైలు.

లాయర్‌కు డబ్బుల్లేకపోతే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఉచితంగా ఇస్తారు.