మిర్చి చేలో పావుగంట

ఫిబ్రవరి సాయంత్రం. తల్లాడ సెంటర్‌లో బస్సు దిగి కొత్తగూడెం రోడ్డు పట్టగానే మిర్చి ఘాటు ముక్కుకెక్కుతుంది. తుమ్ము ఆపుకుంటూ గట్టు దిగండి. చేను చివర పరదాలు కట్టిన గుడిసెలు. చర్ల, దుమ్ముగూడెం నుంచి, అటు ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి ఏరను వచ్చిన కుటుంబాలవి. పక్కనే సాగర్ నీళ్లు పారే పిల్లకాలువ.

ఆశా కార్యకర్త మీకంటే ముందే వచ్చి కూర్చుంది.

"జరం ఎప్పటి సంది అమ్మా?"

"మొన్న రాత్రి సంది అక్కా. చలి పెట్టి ఒకటే వణుకుడు."

తొమ్మిదేళ్ల పిల్లాడు. వేలి కొస దూదితో తుడిచి, సూదితో పొడిచి నొక్కింది. మలేరియా కిట్టు గుంటలో చుక్క రక్తం, పక్క గుంటలో మందు ద్రవం. గీత తేలడానికి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. చీకటి పడింది. మీ చెవి దగ్గర దోమ.

కంగారొద్దు. ఈ పిల్లాణ్ని ఇప్పుడే కుట్టిన దోమ ఈ రాత్రికి మిమ్మల్నేమీ చేయలేదు. క్రిమి దాని కడుపులో ఎదిగి లాలాజలంలోకి చేరడానికి సుమారు 10 రోజులు పడుతుంది. అన్నాళ్లు దోమ బతకాలి కదా! రోజుకు నూటికి 90 బతికితే పదోనాటికి మిగిలేవి 35. రోజుకు 80 బతికితే 11. 70 అయితే మూడే. దోమల్లో ముసలివే ప్రమాదం; గోడకు కొట్టే మందు వాటిని అంత వయసు రానివ్వదు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్, తర్వాత పట్టుకున్నది లెక్కలనే. దోమలు ఒక హద్దు కిందికి తగ్గితే చాలు, చివరి దోమ దాకా వెంటపడనక్కర్లేదని 1911 నాటి పుస్తకంలో సమీకరణాలతో చూపించాడు. నోబెల్ వచ్చింది మైక్రోస్కోపు పనికి. నన్నడిగితే ఈ సమీకరణాలే పెద్ద పని.

హద్దు దాటినంత మాత్రాన జబ్బు ఊళ్లో పాతుకుంటుందనీ లేదు. 1874లో గాల్టన్, వాట్సన్ అనే ఇద్దరు ఇంగ్లండులో ఇంటిపేర్లు ఎలా అంతరిస్తాయో లెక్కగట్టారు. ఆ లెక్కే ఇక్కడా పనికొస్తుంది: ఎవరికీ అంటించకుండానే రోగి కోలుకుంటే గొలుసు తెగినట్టే. ఒక్కో రోగి నుంచి సగటున ఇద్దరికి అంటుతుందనుకోండి. సాదా నమూనాలో, ఊళ్లోకి ఒక్క రోగే వస్తే గొలుసు దానంతటదే తెగే అవకాశం సగం. ముగ్గురు వస్తే ఎనిమిదింట ఒక వంతు. సగటు ఒకటి దాటకపోతే ఎప్పటికైనా తెగి తీరుతుంది. మిర్చి కాలమంతా ఆటోల్లో కొత్త కుటుంబాలు దిగుతూనే ఉంటాయి కాబట్టి అదృష్టాన్ని నమ్ముకుంటే కుదరదు.

ఆశా కార్యకర్త టార్చి వేసింది. మొదటి గీత పక్కన లేతగా రెండోది. వైవాక్స్ రకం మలేరియా.

మూడు రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్. జరం రెండుమూడు రోజుల్లో దిగుతుంది, కాలేయంలో దాక్కున్న క్రిమి దిగదు. మాత్రలు మొత్తం వేసుకోకపోతే నెలల తర్వాతైనా లేస్తుంది. పద్నాలుగో రోజుకు ఈ చేను ఏరడం అయిపోయి, కుటుంబం ఇంకో ఊరు వెళ్లిపోవచ్చు. ఏ ఊరికి పోతే ఆ ఊళ్లో లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

రైతులారా, కూలి లెక్క తేల్చే రోజున ఇంకొక్క మాట అడగండి: మాత్రలు మొత్తం వేసుకున్నారా? మిగిలి ఉంటే మందుల చీటీతో సహా వెంట పంపండి, ఏ ఊరు పోతున్నారో ఆశాకు చెప్పండి.