యాత్రాసుఖం: దైవమా, పురుషకారమా?

సకుటుంబంగా దేశాంతరం పోయి, చూడదలచినవన్నీ చూసి, ఎవరికీ జ్వరమైనా తగలకుండా ఇల్లు చేరిన గృహస్థుని లోకం అదృష్టవంతుడంటుంది. అతడు మాత్రం నలుగురిలో "అంతా భగవంతుని దయ" అంటాడు. ఇంట్లో "నేను ముందే అన్నీ అమర్చుకోబట్టి గదా" అనుకుంటాడు. దైవమా, పురుషకారమా అన్న ఈ పాత తగాదాలో ఉభయపక్షాలూ మరచిపోయే మూడవ పక్షం ఒకటున్నది. దానికి నెల్లూరు కోస్తా బాటను మించిన సాక్షి నాకు కనిపించదు.

1831లో ఆ బాటన మద్రాసుకు తిరిగివచ్చిన యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉన్న ఈయన 1830 మే 18న కుటుంబంతో, సుమారు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరాడు. కాశీ పరదేశమా అని పాఠకులు అడగవచ్చు. ఆనాటి మద్రాసు గృహస్థుకు అది పరదేశమే. నిజాం రాజ్యం, నాగపూరు భోంసలేల రాజ్యం దాటాలి. దారి పొడవునా భాష మారుతుంది, నాణెం మారుతుంది, ఆచారం మారుతుంది. హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకొని, పూరీ నుంచి సముద్రతీరం పట్టి, నెల్లూరు సీమ దాటి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణమది. దారిలో రాసుకొన్న విశేషాలను ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించాడు. అప్పటికి రెండేండ్ల క్రిందటే గ్రంథకర్త గతించాడు.

ఆ గ్రంథం నిండా ఈశ్వరానుగ్రహం ప్రస్తావనే. కాని దానితోపాటు మరొక విషయం కూడా ఉన్నది. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ బియ్యం దొరుకుతుంది, ఏ ఏరు ఎలా దాటాలి, వెనుక వచ్చేవారు ఏమి వెంట తెచ్చుకోవాలి అన్నది ఓపికగా రాసిపెట్టాడు. దైవాన్ని నమ్మినవాడు ఇంత లెక్క ఎందుకు రాశాడు? దయ ఒక్కటే చాలదని ఆయన అనుభవానికి తెలుసు. భక్తుని మాట దైవానిదే గాని, అతని నోటుపుస్తకం పురుషకారానిది.

అయితే ఆ పురుషకారం ఎవరిది? పల్లకీ దానంతటది నడవదు. బోయీల భుజాలు మోశాయి. డేరాలు వేసిన చేతులు, మూటలు మోసిన తలలు, వంటలు వండిన వేళ్ళు, ఏరు దాటించిన పడవవాళ్ళ రెక్కలు — ఇవన్నీ కలిస్తే ఒక గృహస్థుని యాత్రాసుఖం. పల్లకిలో కూర్చున్నవానికి అది యాత్ర. పల్లకీ క్రింద ఉన్నవానికి అది కూలి. ఇద్దరూ అదే కాశీ చేరారు, అదే గంగను చూశారు. చరిత్రలో పేరు మిగిలింది ఒక్కనికే. వీరాస్వామయ్యను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ దారుల సంగతి ఇంత వివరంగా మనకు మిగిల్చినవాడు ఆయనే. మన చదువు పల్లకీ తలుపు దగ్గరే ఆగిపోకూడదని మాత్రమే నా మనవి.

అదృష్టమనేది అసలే లేదని నేననను. ఆయన నెల్లూరు సీమ దాటిన మరుసటి ఏడే నందన నామ సంవత్సరం. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలోనే లక్షకు పైగా జనం మరణించారు. తిండి వెతుక్కుంటూ దక్షిణాన మద్రాసు వైపు కుటుంబాలకు కుటుంబాలే నడిచాయి. వారిదీ సకుటుంబ ప్రయాణమే, దారిలోనే రాలిపోయినవారెందరో. యాత్రికుడు ఒక్క ఏడాది ముందు గడవడం అదృష్టం. వాన కురవకపోవడం ప్రకృతి. కాని నీటికి ఆనకట్ట లేకపోవడం, గింజ ఉన్నచోటి నుంచి లేనిచోటికి చేరకపోవడం దైవం చేసిన పనులు కావు. కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట లేచింది. ముందే లేవరాదన్న విధిరాత ఎక్కడా లేదు.

తరువాత అదే తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ సాగింది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదలైన ఈ జలమార్గం దశలవారీగా పెరిగి, నెల్లూరు తీరం మీదుగా పెదగంజాం చేరి కృష్ణా కాలువలతో కలిసింది. మద్రాసు నగరంలోని దాని భాగాన్ని 1877–78లో, ధాత కరువు రోజుల్లో, గంజికోసం పనికి వచ్చినవారు తవ్వారు. ఆపైన ఎన్ని కుటుంబాలు ఆ నీటిమీద చల్లగా పడవప్రయాణం చేశాయో! గాలి వాటంగా ఉంటే తెరచాప. లేకుంటే గట్టున తాడు పట్టి లాగే మనిషి భుజం. దైవపురుషకారాల తగాదాకు ఇంతకంటె స్పష్టమైన తీర్పు లేదు. గాలి అదృష్టమే; అది తప్పిననాడు ప్రయాణం సాగించినది లోపల కూర్చున్నవాని సంకల్పం కాదు, గట్టుమీదివాని రెక్క.

ఈనాడు నెల్లూరు నుంచి సింగపూరుకు, అమెరికాకు సకుటుంబంగా పోయివస్తున్నారు. సంతోషమే. అయితే ఆ యాత్రకు మూలమైన జీతంతోకూడిన సెలవు ఎక్కడిది? 1936లో ఫ్రాన్సు కార్మికులు సమ్మెలు చేసి రెండువారాల సెలవు సాధించారు. అదే ఏడు అంతర్జాతీయ కార్మిక సంస్థ దానిని ఒడంబడికగా చేసింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున సెలవు నిర్ణయించింది. మనం అదృష్టమనుకునే సెలవు నిన్నటి పోరాటాల ఫలితం. కోస్తాలోని పల్లెకారులకు ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం ఉన్నది. ఆ రోజుల్లో వలలు బాగుచేసుకోవడం, పడవలు బాగుచేసుకోవడం ఉంటాయి గాని విహారయాత్ర ఉండదు. పని లేని రోజు వేరు, సెలవు వేరు.

కనుక యాత్రాసుఖానికి దైవమా, పురుషకారమా అని అడిగేవారికి నా జవాబు ఇది: మనకు కనిపించని పరుల శ్రమకు మనం పెట్టుకున్న ముద్దుపేరే తరచుగా అదృష్టం. ఆ శ్రమ చేసినవారి బిడ్డలు కూడా ఒకనాడు కిటికీ పక్కన కూర్చొని కొత్తదేశం చూడగలిగినప్పుడే, ఈ తగాదా న్యాయంగా తెగినట్లు.